రాస్తా తీసేవాళ్ళు: అమెరికన్ ఫుట్‌బాల్‌లో పరుగు తారీఖ్



తారీఖ్ అనగానే మనకి నవాబులు, కిలాలు, జంగులు గుర్తొస్తాయి. ఈసారి నేను చెప్పబోయేది ఒక ఆట తారీఖ్. అదీ మన గల్లీల్లో ఎవరూ ఆడని ఆట, అమెరికన్ ఫుట్‌బాల్. పేరులో ఫుట్ ఉన్నా బాల్ ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. ఆ బాల్‌ని అమెరికావాళ్ళు ముద్దుగా ‘పంది తోలు’ అంటారు. తౌబా అనకండి, అది పేరుకే. నిజానికి కుట్టేది ఆవు తోలుతో.

నాకు ఈ ఆట మీద నజర్ పడటానికి కారణం మా ఖాలా. ఆమె మనవడు డల్లాస్ దగ్గర హైస్కూల్ టీమ్‌లో గార్డ్‌గా ఆడుతున్నాడు. ఒకరోజు ఫోన్ చేసి అడిగింది: “అరే బేటా, వాడు బాల్ ముట్టనే ముట్టడంట! మరి అదేం ఖేల్‌రా? ఊరికే ఎదుటివాళ్ళని గుద్దుతాడంట!” సవాల్ చిన్నదే. కానీ జవాబ్ వెతుక్కుంటూ పోతే నూట యాభై ఏళ్ళ కిస్సా బయటపడింది. అందులో శత్రంజ్ ఉంది, ఫౌజ్ ఉంది, జులుం ఉంది, పిల్లల మౌత్‌లు కూడా ఉన్నాయి.

ముందు ఖాయిదాలు రెండు మాటల్లో. మైదానం 100 గజాలు. ఒక్కో వైపు 11 మంది. బాల్ ఉన్న జట్టుకి నాలుగు మౌకాలు, వాటిలో 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు మౌకాలు. లేదంటే బాల్ అవతలివాళ్ళ చేతికి పోతుంది. ముందుకెళ్ళడానికి రాస్తాలు రెండే: బాల్‌ని గాల్లో విసరడం, లేదా పట్టుకుని పరుగెత్తడం. పరుగెత్తేవాడిని రన్నింగ్ బ్యాక్ అంటారు. వాడికి ముందు ఐదుగురు బరువైన మనుషులు వరసగా వంగి కూర్చుంటారు. నడుమ సెంటర్, అటూ ఇటూ గార్డులు, వాళ్ళ పక్కన టాకిల్స్. వీళ్ళ పని ఒక్కటే, వెనక వచ్చేవాడికి దారి చేయడం. దాన్నే బ్లాకింగ్ అంటారు.

మన కబడ్డీతో పోలిస్తే తేడా తెలుస్తుంది. కబడ్డీలో కూతకొచ్చినవాడిని గట్టిగా పట్టుకోవడమే హునర్. ఇక్కడ బ్లాక్ చేసేవాడు ఎదుటివాడిని పట్టుకోకూడదు. పట్టుకుంటే 10 గజాల జుర్మానా. చేతులతో, భుజంతో, ఛాతీతో నెట్టాలి, కానీ గుప్పిట బిగించి లాగకూడదు. రమ్జాన్ చివరి రోజుల్లో రాత్రిపూట చార్మినార్ దగ్గర, పత్తర్‌గట్టి గుంపులో, అమ్మీజాన్‌ని వెనక పెట్టుకుని ముందు నడిచే కొడుకుని గుర్తు తెచ్చుకోండి. వాడు ఎవరినీ పట్టుకోడు. భుజం అడ్డం పెట్టి మనిషి పట్టేంత సందు చేస్తాడు. దాదాపు అదే పని, కాకపోతే ఇక్కడ ఎదుటి గుంపు మొత్తం ఆ సందు మూయాలనే కసితో నిలబడి ఉంటుంది.

ముందు నడవడమే నేరం

ఈ ఆటకి తొలి మ్యాచ్‌గా చెప్పుకునేది 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగింది. ఒక్కో వైపు 25 మంది. తర్వాత రగ్బీ ఖాయిదాలు వచ్చి కలిశాయి. రగ్బీలో బాల్ ఉన్నవాడి కంటే ముందు నిలబడి అడ్డం తీయడం తప్పు. అంటే ఈరోజు మనం చూసే బ్లాకింగ్ మొత్తం అప్పట్లో హరామ్ లాంటిదే.

1879లో ప్రిన్స్‌టన్‌వాళ్ళు ఒక చాల్ వేశారు. బాల్ ఉన్నవాడికి అటొకరు ఇటొకరు పక్కనే పరుగెత్తారు. ముందు కాదు, పక్కన. పట్టుకోవడానికి వచ్చేవాళ్ళకి అడ్డం. ఖాయిదాకి వెంట్రుకవాసి దూరం. మిగతా కాలేజీలు మొదట గగ్గోలు పెట్టాయి, తర్వాత అవే నేర్చుకున్నాయి. మెల్లగా పక్కనున్నవాళ్ళు ముందుకు జరిగారు, తప్పు కాస్తా తరీఖా అయిపోయింది.

1880లో యేల్‌కి చెందిన వాల్టర్ క్యాంప్ ఆటగాళ్ళని 11కి తగ్గించాడు, రెండు జట్లు ఎదురెదురు వరసల్లో నిలబడి బాల్ మొదలుపెట్టే పద్ధతి తెచ్చాడు. ఇక్కడే రగ్బీకి, ఈ ఆటకి తలాక్ అయిపోయింది. బాల్ ఎప్పుడు కదులుతుందో ఒక జట్టుకి ముందే తెలుసు, ఇంకో జట్టుకి తెలియదు. ఆ అరక్షణం ఫాయిదా మీదే తర్వాత వచ్చిన చాల్‌లన్నీ కట్టారు.

శత్రంజ్ శౌకీన్ తెచ్చిన ఆఫత్

1892 నవంబర్ 19. మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హార్వర్డ్, యేల్ మ్యాచ్. రెండో సగం మొదలైంది. హార్వర్డ్ ఆటగాళ్ళు రెండు గుంపులుగా చీలి, బాల్‌కి చాలా వెనక, చెరో మూల నిలబడ్డారు. ఇషారా రాగానే రెండు గుంపులూ ఏటవాలుగా పరుగెత్తుకొచ్చి బాల్ దగ్గర కలిశాయి, బాణం మొన ఆకారంలో. ఆ మొన నేరుగా యేల్ వరసలో ఒకే ఒక్క మనిషి మీదికి పోయింది. బాల్ పట్టుకున్నవాడు ఆ బాణం లోపల దాక్కుని పరుగెత్తాడు. దీని పేరు ‘ఫ్లయింగ్ వెడ్జ్’, అంటే ఎగిరే మేకు.

దీన్ని కనిపెట్టిన లోరిన్ డెలాండ్ ఎన్నడూ ఫుట్‌బాల్ ఆడలేదు. బోస్టన్ వ్యాపారి, శత్రంజ్ పిచ్చి ఉన్నవాడు, నెపోలియన్ జంగుల గురించి చదివేవాడు. తాకత్ మొత్తాన్ని దుష్మన్ వరసలో ఒక్క బలహీనమైన చోట గుమ్మరించాలన్నది ఫౌజీ సూత్రం. అదే తెచ్చి కాలేజీ పిల్లల మైదానంలో పెట్టాడు. ఆ మ్యాచ్ గెలిచింది యేలే, 6-0తో. కానీ మరుసటి ఏడాదికి దేశంలో ప్రతి జట్టూ ఈ మేకుని నకల్ చేసింది.

హెల్మెట్ సరిగ్గా లేని రోజులు. ఎనిమిది, తొమ్మిది మంది పరుగున వచ్చి ఒక్కడిని ఢీకొంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 1894లో దీన్ని బంద్ చేశారు. కానీ మేకు పోయినా దాని అక్కాచెల్లెళ్ళు మిగిలాయి. చేతులు గొలుసుకట్టి గుంపుగా దూసుకుపోవడం, బాల్ ఉన్నవాడిని సొంతవాళ్ళే వెనక నుంచి నెట్టడం, ముందు నుంచి లాగడం. అసలు ఆటే కుప్పల మీద కుప్పలు పడటంగా మారింది.

1905 సీజన్‌లో కనీసం 18 మంది ఈ ఆటలో జాన్ పోగొట్టుకున్నారు. ఎక్కువమంది పిల్లలే, హైస్కూల్, కాలేజీ వయసువాళ్ళు. అక్టోబర్‌లో ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దల్ని వైట్ హౌస్‌కి పిలిచి, ఆటని సాఫ్ చేయమన్నాడు. ఆయన కొడుకు కూడా అప్పుడు హార్వర్డ్‌లో ఆడి దెబ్బలు తిన్నవాడే. నవంబర్ 25న న్యూయార్క్‌లో యూనియన్ కాలేజీ కుర్రవాడొకడు తలకి దెబ్బ తగిలి చనిపోయాక న్యూయార్క్ యూనివర్సిటీ ఛాన్సలర్ హెన్రీ మెక్రాకెన్ కాలేజీలన్నిటినీ మీటింగ్‌కి పిలిచాడు. ఆ మీటింగుల నుంచి పుట్టిన సంస్థే ఈనాటి ఎన్‌సీఏఏ. కొలంబియా యూనివర్సిటీ అయితే ఆటనే వదిలేసింది.

1906లో కొత్త ఖాయిదాలు వచ్చాయి. బాల్‌ని ముందుకు విసరడానికి ఇజాజత్ దొరికింది. రెండు వరసల మధ్య బాల్ పొడవంత ఖాళీ జాగా పెట్టారు. అయినా మౌత్‌లు ఆగలేదు. 1909లో మళ్ళీ విషాదాలు జరిగాక, 1910లో అసలు రోగానికి దవా పడింది. కనీసం ఏడుగురు వరసలోనే నిలబడాలి. చేతులు గొలుసు కట్టకూడదు. బాల్ ఉన్నవాడిని నెట్టకూడదు, లాగకూడదు. అంటే గుంపు బలం బంద్. ఇక దారి చేయాలంటే దిమాగ్ వాడాల్సిందే.

కార్లైల్ పిల్లలు

ఆ దిమాగ్ ఎక్కడ మెరిసిందో చూడండి. పెన్సిల్వేనియాలో కార్లైల్ ఇండియన్ స్కూల్ అని ఉండేది. 1879లో రిచర్డ్ ప్రాట్ అనే ఫౌజీ అఫ్సర్ పాత బారకుల్లో పెట్టాడు. అమెరికా మూలవాసుల పిల్లల్ని వాళ్ళ ఇళ్ళకి వందల మైళ్ళ దూరం తెచ్చి జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత జబాన్ మాట్లాడితే శిక్షించి ‘తెల్లవాళ్ళలా’ తయారుచేయడం ఆ బడి మక్సద్. 180 మందికి పైగా పిల్లలు అక్కడి ఖబ్రస్తాన్‌లోనే మిగిలిపోయారు.

ఈ బడి జట్టుకి కోచ్ పాప్ వార్నర్. పెద్ద కాలేజీల ఆటగాళ్ళతో పోలిస్తే కార్లైల్ పిల్లలు తేలికైనవాళ్ళు. బరువుకి బరువు పెడితే ఓడిపోతారు. అందుకని వార్నర్ కోణాల మీద పని చేశాడు. ‘సింగిల్ వింగ్’ అనే ఆయన వ్యూహంలో వరస ఒక వైపుకే బరువుగా ఉంటుంది. ఎదుటి ఒక్కడి మీదికి ఇద్దరు పోతారు, ఇది డబుల్ టీమ్. ఇంకో పక్కనున్న గార్డ్ తన చోటు వదిలి, వరస వెనక నుంచి పరుగెత్తి వచ్చి, దారి అంచున ఉన్నవాడిని పక్కకి తోస్తాడు. దీన్ని ‘పుల్లింగ్’ అంటారు. ఈరోజుకీ ఫుట్‌బాల్‌లో పరుగు చాల్‌లలో సగం ఈ రెండు ముక్కలతోనే కట్టినవి.

1912 నవంబర్ 9న కార్లైల్ జట్టు వెస్ట్ పాయింట్‌లో ఆర్మీ జట్టుని 27-6తో ఓడించింది. కార్లైల్ వైపు జిమ్ థోర్ప్ ఉన్నాడు, ఆర్మీ వైపు తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ఐసెన్‌హోవర్ ఉన్నాడు. వూండెడ్ నీ దగ్గర అమెరికా ఫౌజ్ మూలవాసుల్ని ఊచకోత కోసి అప్పటికి 22 ఏళ్ళే. మైదానంలో ఎదురెదురు నిలబడ్డవాళ్ళకి ఆ హిసాబ్ తెలియకుండా ఉంటుందా? 1918లో ఆ బడి మూతపడింది. అక్కడ పదును పెట్టిన హునర్ మాత్రం దేశమంతా పాకింది.

ఒక్క చాల్, ఐదు కిరీటాలు

1940 డిసెంబర్ 8న చికాగో బేర్స్ వాషింగ్టన్‌ని 73-0తో మట్టికరిపించింది. జార్జ్ హాలస్, క్లార్క్ షాగ్‌నెసీ మెరుగుపెట్టిన ‘టీ ఫార్మేషన్’ మహిమ అది. క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకే నిలబడి బాల్ అందుకుని వెంటనే పరుగెత్తేవాడికి ఇస్తాడు. అంతా చప్పున అయిపోతుంది కాబట్టి బ్లాక్ చేసేవాడు ఎదుటివాడిని పడగొట్టక్కర్లేదు, ఒక్క క్షణం ఆపితే చాలు. ఆ రోజు ఆట మొదలైన కాసేపటికే బిల్ ఒస్మాన్‌స్కీ 68 గజాలు పరుగెత్తి స్కోర్ చేశాడు. ఆ పరుగు అంతదూరం పోవడానికి కారణం, జార్జ్ విల్సన్ ఒక్క ఢీతో ఇద్దరిని కూల్చడం.

ఇక విన్స్ లొంబార్డీ. కాలేజీ రోజుల్లో తను కూడా గార్డే. ఫోర్డ్‌హామ్ యూనివర్సిటీ వరసని అప్పట్లో గ్రానైట్ రాళ్ళతో పోల్చేవాళ్ళు. 1959లో విస్కాన్సిన్‌లో గ్రీన్ బే అనే చిన్న ఊరి జట్టుకి కోచ్‌గా వచ్చాడు. అది దేశంలోకెల్లా హీనంగా ఆడిన జట్టు. ఆయన మొదట నేర్పింది ఒకే ఒక్క చాల్, ‘పవర్ స్వీప్’.

సబర్‌గా వినండి, ఇందులోనే మా ఖాలా సవాల్‌కి జవాబ్ ఉంది. బాల్ కదలగానే రెండు గార్డులూ, జెర్రీ క్రేమర్, ఫజ్జీ థర్స్‌టన్, చోటు వదిలి కుడివైపు పరుగెత్తుతారు. క్రేమర్ ఖాళీ చేసిన సందులోకి దుష్మన్ దూరకుండా సెంటర్ జిమ్ రింగో అడ్డం పడతాడు. వరస చివర ఉండే టైట్ ఎండ్ ఎదుటి లైన్‌బ్యాకర్‌ని ఆపుతాడు. లోపలికే తోయాలని జిద్దు చేయడు, వాడు ఎటు మొగ్గితే అటే తీసుకుపోతాడు. ముందు వచ్చే క్రేమర్ అంచునున్నవాడిని బయటికి తోస్తాడు. వెనక వచ్చే థర్స్‌టన్ టైట్ ఎండ్ ఏ వైపు గెలిచాడో చూసి, ఆ సందులోకి తిరుగుతాడు. పరుగెత్తే పాల్ హోర్నంగ్ థర్స్‌టన్ వీపు చూస్తూ పోతాడు. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడికి.

ఇందులో దాచిందేమీ లేదు. అది వస్తుందని అందరికీ తెలుసు, అయినా ఆపలేకపోయేవాళ్ళు. ఎందుకంటే ఎదుటివాడు ఏది చేసినా దానికి జవాబ్ అందులోనే ఉంది. లొంబార్డీ ఈ ఒక్క చాల్ గురించి ఎనిమిది గంటలు తాలీమ్ ఇవ్వగా విన్నానని తర్వాతి కాలం కోచ్ జాన్ మాడెన్ చెప్పుకునేవాడు. ఏడేళ్ళలో గ్రీన్ బే ఐదుసార్లు ఛాంపియన్ అయింది.

1967 డిసెంబర్ 31న డల్లాస్‌తో ఫైనల్. సున్నాకి దిగువన 25 డిగ్రీల చలి. 16 సెకండ్లు మిగిలాయి, గ్రీన్ బే మూడు పాయింట్లు వెనక, గీత గజం కంటే దగ్గర. క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ క్రేమర్ వెనకే దూరాడు. క్రేమర్, సెంటర్ కెన్ బౌమన్ ఇద్దరూ కలిసి జెత్రో ప్యూని లేపారు. సందు తెరుచుకుంది. స్టార్ గీత దాటాడు, 21-17. టీవీలో ఆ దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ చూపించారు కాబట్టి ఒక గార్డ్ పేరు మొదటిసారి ఇంటింటికీ తెలిసింది. అయినా క్రేమర్‌కి హాల్ ఆఫ్ ఫేమ్ ఇజ్జత్ దక్కింది 2018లో, 82 ఏళ్ళ వయసులో. ఇన్సాఫ్‌కి యాభై ఏళ్ళు పట్టింది. బౌమన్ పేరు ఇప్పటికీ చాలామందికి తెలియదు.

మనిషిని కాదు, జాగాని

తర్వాత వచ్చిన తరీఖాలని రెండు ఖాందాన్‌లుగా చూడొచ్చు. మొదటిది, దారి ఎక్కడో ముందే రాసిపెట్టుకునేది. 1980లలో జో గిబ్స్ కోచ్‌గా ఉన్న వాషింగ్టన్ జట్టు ఆడిన ‘కౌంటర్ ట్రే’ ఆ ఖాందాన్‌దే. పరుగెత్తేవాడు ఒక అడుగు ఎడమకి వేసి ధోకా ఇస్తాడు. దుష్మన్ అటు మొగ్గగానే గార్డ్, టాకిల్ ఇద్దరూ ఇటు దూసుకొస్తారు. 1988 జనవరి సూపర్ బౌల్‌లో టిమ్మీ స్మిత్ అనే కొత్త కుర్రాడు 204 గజాలు పరుగెత్తాడు. ఆ రికార్డ్ ఇంకా అలాగే ఉంది. అన్నట్టు, అప్పట్లో ఆ జట్టు పేరు మూలవాసుల్ని తక్కువ చేసే మాట. దాన్ని తీసేయడానికి 2020 దాకా పట్టింది. కార్లైల్ పిల్లల హునర్ తీసుకున్నంత జల్దీగా వాళ్ళ ఇజ్జత్ ఇవ్వలేదు.

రెండో ఖాందాన్ ‘జోన్ బ్లాకింగ్’. డెన్వర్‌లో అలెక్స్ గిబ్స్ అనే ఉస్తాద్ దీన్ని పదును పెట్టాడు. ఇక్కడ ఐదుగురూ ఒకేసారి ఒకే వైపు అడుగేస్తారు. ‘నీ మనిషి వీడు’ అని చెప్పరు, ‘నీ జాగా ఇది, అందులోకి ఎవరొస్తే వాడు నీవాడు’ అంటారు. ఇద్దరు కలిసి ఒకడిని నెడుతూ, వాడు కదలగానే ఒకరు వదిలి వెనకున్న లైన్‌బ్యాకర్ మీదికి పోతారు. పరుగెత్తేవాడు వాళ్ళతోపాటు పక్కకి పోతూ, ఎక్కడ చీలిక కనిపిస్తే అక్కడ ఒక్కసారి మాత్రమే తిరిగి దూసుకుపోతాడు. లొంబార్డీ వెలుతురు సూత్రం మొత్తం వరసకి పాకిందన్నమాట. డెన్వర్ లైన్‌మెన్ మిగతా జట్లవాళ్ళ కంటే తేలికైనవాళ్ళు. వాళ్ళ వెనక టెరెల్ డేవిస్, 1995లో ఆరో రౌండ్ దాకా ఎవరూ తీసుకోని కుర్రాడు, 1998లో 2,008 గజాలు పరుగెత్తాడు. అతను గాయపడ్డాక వచ్చిన ఓలాండిస్ గ్యారీ, మైక్ ఆండర్సన్ కూడా ఒక్కో సీజన్‌లో వెయ్యి దాటేశారు. పరుగెత్తేవాళ్ళు మారారు, గజాలు తగ్గలేదు. మెహనత్ ఎవరిదో ఇంతకంటే సాఫ్‌గా చూపించే సబూత్ ఏముంది?

ఖీమత్

షాన్ చెప్పి ఖీమత్ చెప్పకపోతే అది తారీఖ్ కాదు.

పిట్స్‌బర్గ్ జట్టు 1970లలో నాలుగు సూపర్ బౌల్స్ గెలిచింది. ఆ వరస నడుమ సెంటర్ మైక్ వెబ్‌స్టర్. మొత్తం 17 సీజన్లు ఆడాడు. ప్రతిసారీ తల వంచి బాల్ వెనక్కి ఇవ్వడం, ఆ తలతోనే ఎదుటివాడిని తాకడం. ఆట మానేశాక యాదాశ్త్ పోయింది, ఇల్లు పోయింది, కార్లో పడుకున్నాడు. 2002లో 50 ఏళ్ళకే చనిపోయాడు. నైజీరియాలో పుట్టిన డాక్టర్ బెనెట్ ఒమాలు ఆయన మెదడుని పరీక్షించి, పదే పదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే సీటీఈ జబ్బు ఉందని 2005లో లోకానికి చెప్పాడు. లీగ్ తరఫు డాక్టర్లు ఆ వ్యాసాన్ని వాపసు తీసుకోమన్నారు. ఆయన తీసుకోలేదు. సచ్ ఆగలేదు.

1905లో మౌత్ మైదానంలోనే, అందరి కళ్ళ ముందు వచ్చేది. అందుకే ఖాయిదాలు మారాయి. వెబ్‌స్టర్ లాంటివాళ్ళది మెల్లగా, ఇంట్లో, ఎవరూ చూడనప్పుడు వస్తుంది. అందుకే లెక్కలోకి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. పెద్ద ఢీలు టీవీలో కనిపిస్తాయి. లైన్‌మెన్‌కి తగిలేవి చిన్నవి, కానీ దాదాపు ప్రతి చాల్‌కీ తగులుతాయి.

ఆ పాత బహస్ కూడా ఖతం కాలేదు. 1910లో బంద్ చేసిన నెట్టుడు, ప్రొఫెషనల్ లీగ్‌లో ఇరవై ఏళ్ళ క్రితం మళ్ళీ జాయిజ్ అయింది. ఫిలడెల్ఫియా జట్టు దాన్ని పట్టుకుని క్వార్టర్‌బ్యాక్‌ని వెనక నుంచి ఇద్దరు నెట్టే ‘టష్ పుష్’ని హథియార్ చేసుకుంది. 2025 మే నెలలో దీన్ని బంద్ చేయాలని ఓటు పెట్టారు. 32 జట్లలో 24 కావాలి, 22 వచ్చాయి. మేకు ఇంకా బతికే ఉంది.

మన పిల్లలు కూడా ఈ వరసలో ఉన్నారు. డెట్రాయిట్ పక్కన డియర్‌బోర్న్‌లో ఫోర్డ్‌సన్ హైస్కూల్ జట్టులో ఎక్కువమంది అరబ్ ముస్లిం ఖాందాన్‌ల పిల్లలే. 2010లో రమ్జాన్ ఆగస్టు ఎండల్లో వచ్చినప్పుడు రోజా ఉన్న పిల్లల కోసం కోచ్ ప్రాక్టీస్‌ని రాత్రికి మార్చాడు. వాళ్ళ మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ఇక అమెరికాలోని మన తెలుగు ఖాందాన్‌ల పిల్లలు ఈ వరసలో నిలబడితే, తల్లిదండ్రులు అడగాల్సింది స్కోర్ కాదు. తలకి దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, ఎన్ని రోజులు ఆపుతారు, ప్రాక్టీస్‌లో వారానికి ఎన్నిసార్లు గట్టిగా ఢీకొట్టిస్తారు. కోచ్‌ని ఈ మూడూ అడగడంలో బేఅదబీ ఏమీ లేదు.

మ్యాచ్ చూసే మౌకా వస్తే ఒక పని చేయండి. బాల్‌ని కాసేపు వదిలేసి, 50 నుంచి 79 లోపు నంబర్ వేసుకున్న ఆ ఐదుగురిని చూడండి. గార్డ్ చోటు వదిలి పరుగెత్తాడంటే దారి ముందే రాసి ఉంది. ఐదుగురూ ఒకే వైపు అడుగేశారంటే దారి ఇంకా పుట్టలేదు, పరుగెత్తేవాడు వెతుక్కోవాలి. స్కోర్ బోర్డ్ మీద వాళ్ళ పేర్లు రావు. మీరైనా చదవండి.

ఖుదా హాఫిజ్.